బండి వాలుతుంది, కారు వాలదు

మోటారు సైకిలు ఇంజను ఊడదీసి కారులో బిగించడం పెద్ద పనేమీ కాదని మన కుర్రాళ్లలో చాలామందికి ఒక గట్టి నమ్మకం. నాలుగు మౌంటింగులు, ఒక చెయిను, ఒక రేడియేటరు, కాస్త వైరింగు, అయిపోయె! ఇంజను పైన ఏముందో చూసేవాళ్లు వందమంది. కింద ఏముందో వంగి చూసేవాడు ఒక్కడూ కనబడడు. ఈ సావనీరులో కవితలకూ, కథలకూ, యూనియను సెక్రటరీ గారి నివేదికకూ మధ్య నాకు దయతో కేటాయించిన పేజీలను ఆ అడుగున వేళ్లాడే ఆయిలు సంపు కోసం వాడుకుంటున్నాను. సాహిత్యాభిమానులు మన్నించాలి. సంపు అంటే ఆసక్తి లేనివారు తిన్నగా ఫోటోల పేజీలకు వెళ్లిపోవచ్చు.

సంపు అనగానే మనవాళ్లకు ఇంటి ముందు భూమిలో కట్టే నీళ్ల సంపు గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు, అదీ ఇదీ చుట్టాలే. నీళ్ల సంపులో పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది. నీటిమట్టం దానికి కిందికి దిగితే మోటారు గాలి పీలుస్తుంది, పైన కుళాయి బుసబుస మంటుంది. ఇంజను సంపులోనూ అంతే. అడుగున ఆయిలు నిలవుంటుంది, అందులో జాలీ కట్టిన పికప్ గొట్టం మునిగి ఉంటుంది, పంపు ఆ ఆయిలును పీల్చి క్రాంక్ షాఫ్టు బేరింగులకూ, కామ్ షాఫ్టులకూ పంపుతుంది. తేడా ఒక్కటే. ఇంట్లో మోటారు గాలి పీలిస్తే అమ్మ కేకేస్తుంది, ఎవరో ఒకరు వెళ్లి స్విచ్చి ఆపుతారు. ఇంజనులో పంపు గాలి పీలిస్తే కేకేసేవాళ్లు లేరు. వినబడేసరికి అది బిగ్ ఎండ్ బేరింగు చేసే చప్పుడై ఉంటుంది.

మన ఆటోనగర్ మెకానిక్కులు దీన్ని సంపు అనరు, ఛాంబరు అంటారు. "ఛాంబరుకి రాయి తగిలింది సార్" అనే మాట అంబాసిడరు కాలం నుంచీ మన రోడ్ల మీద వినబడుతున్నదే. మా గురువుల తరంవారు నడిపిన రాజ్‌దూత్, యెజ్డీ బళ్లకు ఈ బెడద లేదు. టూ స్ట్రోకు కాబట్టి ఆయిలు పెట్రోలులోనే కలిపి పోసేవారు, ఇంజనుకు సంపు అవసరమే రాలేదు. పాత బుల్లెట్టుది మరో దారి. క్రాంక్‌కేసులోనే విడిగా ఒక ఆయిలు గది, ఆయిలు పంపడానికి ఒక పంపు, కిందికి జారిన ఆయిలును తిరిగి ఆ గదిలోకి తోడడానికి మరొక పంపు. అంటే ఇప్పుడు రేసు కార్ల వాళ్లు గొప్పగా చెప్పుకునే డ్రై సంపు మన ఊళ్ల పాలవాళ్లు ఎన్నో ఏళ్లు ఎక్కి తిరిగినదే. 

ఇక అసలు విషయం. మోటారు సైకిలు మలుపు తిరిగేటప్పుడు వాలుతుంది. ఎంత వేగంగా తిరిగితే అంత వాలుతుంది. ఈ సంగతి రెండేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. కాని దాని పర్యవసానం ఆయిలుకు ఏమిటో మన ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరులో ఎవరూ అడగలేదు. బండి వాలినప్పుడు భూమి లాగే బలమూ, మలుపు బయటికి నెట్టే బలమూ కలిసి బండి నిలువు గీత వెంబడే పనిచేస్తాయి. కాబట్టి సంపులోని ఆయిలు తనకు ఏమీ జరగనట్టే అడుగున కూర్చుంటుంది. సైకిలు హ్యాండిలుకు పాలకేను తగిలించుకుని పోయేవాడిని చూడండి. మలుపులో కేను ఊగుతుంది గాని పాలు ఒలకవు. అదే కేను ఆర్టీసీ బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని అరకు ఘాట్ రోడ్డు ఎక్కండి, నాలుగో మలుపుకల్లా పాలు పక్కవాడి చెప్పుల్లో ఉంటాయి.

కారు ఆ బస్సులాంటిది. వాలదు. వాలినా ఇటు వాలవలసింది అటు వాలుతుంది. భూమ్యాకర్షణకు సమానమైన పక్కబలంతో కారు మలుపు తిరిగితే సంపులో ఆయిలు మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. సంపు వెడల్పు 20 సెంటీమీటర్లనుకుంటే ఈ అంచుకీ ఆ అంచుకీ మట్టంలో 20 సెంటీమీటర్ల తేడా రావాలి. సంపు లోతే అంత ఉండదు. అంటే ఆయిలంతా ఒక గోడెక్కి కూర్చుంటుంది, పికప్ గొట్టం నడిబజారులో నిలబడిపోతుంది.

ఈ పాఠం ముందుగా నేర్చుకున్నవాళ్లు ఇంగ్లాండు కిట్ కార్ల వాళ్లు. అక్కడ 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న కారు వచ్చింది. విడిభాగాలుగా కొనుక్కుని ఇంటి దగ్గర బిగించుకుంటే పర్చేజ్ టాక్సు పడేది కాదు. పన్ను తప్పించుకోవడం కోసం పుట్టిన సరదా, 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయాక కూడా పోలేదు. అదే 1973లో సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్లు తీసుకున్నారు. తరవాత 1992లో హోండా ఫైర్‌బ్లేడు, 1998లో యమహా ఆర్1, 1999లో సుజుకీ హయబూసా వచ్చేసరికి ఆ షెడ్లలోని మనుషుల కళ్లు వాటి ఇంజన్ల మీద పడ్డాయి. తేలికైన ఇంజను, దానిలోనే గేరుబాక్సు, నిమిషానికి పదివేలకు పైబడిన చుట్లు. అయిదారు వందల కిలోల కారుకు ఇంకేం కావాలి? వెస్ట్‌ఫీల్డు వాళ్లు హయబూసా ఇంజనుతో మెగాబూసా అనే కారే అమ్మారు.

అయితే సెవెన్ రకం కారులో ఇంజను ముందు, తిరిగే చక్రాలు వెనక. బండిలో అడ్డంగా ఉండే క్రాంక్ షాఫ్టును కారులో నిలువుగా తిప్పి పెడితేగాని చెయిను స్ప్రాకెట్టు స్థానంలో ప్రొపెల్లర్ షాఫ్టు తగిలించడం కుదరదు. అలా తిప్పేసరికి బండికి ఎడమవైపు కారుకు వెనకవైపు అయింది. కారు బ్రేకు వేస్తే కలిగే తోపు ఇప్పుడు ఇంజనుకు పక్కతోపు. పక్కతోపు అంటే ఏమిటో ఆ సంపు బండిలో ఉన్నన్నాళ్లూ ఎరగదు. మన ఫార్ములా స్టూడెంట్ కార్లలో ఇంజను డ్రైవరు వెనక అడ్డంగానే ఉంటుంది, చెయిను నేరుగా వెనక ఇరుసుకు పోతుంది. అక్కడ బ్రేకు సంగతి బాగానే ఉన్నా, మలుపు సంగతి ఇంకా అన్యాయం. ఎటు పెట్టినా సంపుకు తెలియని దిక్కు ఒకటి ఎదురవుతూనే ఉంటుంది. ఎత్తు మరో తంటా. బండి కింద సంపు లోతుగా వేళ్లాడినా చెల్లుతుంది, దారికీ దానికీ మధ్య బోలెడు జాగా. కారులో బరువు కిందికి దించాలని ఇంజను దింపితే మొదట నేలకు తగిలేది సంపే. కాబట్టి కొయ్యాలి. కోస్తే ఆయిలు పట్టదు. పట్టించాలంటే పక్కలకు వెడల్పు చెయ్యాలి. వెడల్పు చేస్తే ఆయిలు ఇంకా బాగా పారిపోతుంది. చూశారా, ఒకదాని ముడి విప్పితే ఇంకొకటి బిగుసుకునే వ్యవహారం.

"మన కారు పోయేది ఎంత స్పీడని? అది హయబూసా కాదు కదా" అని మా క్లాసులోనే ఒక మిత్రుడన్నాడు. అతనికి లెక్క చెప్పాను, మీకూ చెబుతాను. ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో స్కిడ్‌ప్యాడ్ అని ఒక పరీక్ష ఉంది. ఎనిమిది అంకె ఆకారంలో రెండు వృత్తాలు, లోపలి వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. దారి నడుమగా పోతే వ్యాసార్థం తొమ్మిది మీటర్ల పైచిలుకు. భూమ్యాకర్షణకు 1.2 రెట్లు పక్కబలం పుట్టడానికి అక్కడ గంటకు 37 కిలోమీటర్లు చాలు. అంటే మన బీచ్ రోడ్డులో స్కూటరు మీద పోయే పెద్దాయన వేగం! ఒక చుట్టుకు అయిదున్నర సెకన్లు. ఒక్కోవైపు వరసగా రెండు చుట్లు తిరగాలి, అంటే 11 సెకన్లు ఆయిలు ఒకే గోడకు అతుక్కుని ఉంటుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లలో ఉందనుకున్నా, ఆ 11 సెకన్లలో 1100 సార్లు క్రాంక్ షాఫ్టు తిరుగుతుంది. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఉండే ఆయిలు పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. అది తెగిన తరవాత ఎన్ని చుట్లు ఓర్చుకుంటుందో లెక్క కట్టే ధైర్యం నాకు లేదు. మూడేళ్ల కిందట మన సీనియర్ల కారులో కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కేసు పగలగొట్టుకుని బయటికి తొంగి చూసింది. ఆ ముక్క ఇప్పటికీ వర్క్‌షాపు కిటికీలో పేపరు వెయిటుగా పనిచేస్తోంది. చూడదలిచినవారు చూడవచ్చు, ప్రవేశ రుసుము లేదు.

ఈ సంవత్సరం ఒక పూర్వ విద్యార్థి గారి పుణ్యమా అని మనకు నాలుగు సిలిండర్ల 600 సి.సి. ఇంజను ఒకటి దొరికింది. దాని సంపు ఏం చెయ్యాలన్న దాని మీద కాలేజీలో మూడు పార్టీలున్నాయి.

మొదటి పార్టీ వారు "ఇంకో అర లీటరు ఆయిలు ఎక్కువ పోస్తే సరి" అంటారు. చవకైన వేదాంతం. ఎక్కువ పోస్తే క్రాంక్ షాఫ్టు ఆ ఆయిలునే చిలుకుతుంది. చిలికితే నురగ. నురగ పంపులోకి పోతే గాలి పోయినట్టే లెక్క. పైగా బ్రీదరు గొట్టంలోంచి ఆయిలు బయటికి కక్కుతుంది, కొంత బలం ఊరికే చిలకడానికే ఖర్చవుతుంది. కొద్దిగా ఎక్కువ పొయ్యడం కొంతవరకు ఆదుకుంటుందన్న మాట నిజమే, ఇంగ్లాండు వాళ్లూ చేస్తారు. కాని దాన్నే నమ్ముకోవడం వేరు.

రెండో పార్టీ డ్రై సంపు పార్టీ. విదేశాల నుంచి కిట్టు తెప్పించాలంటారు. సంపులో ఆయిలు నిలవే లేకుండా ఎప్పటికప్పుడు తోడి విడిగా పొడుగాటి ట్యాంకులో పోసి, అక్కడినుంచి ఇంజనుకు పంపే పద్ధతి. సిద్ధాంతరీత్యా వీరితో నాకు తగవు లేదు. రాడికల్ వాళ్ల ఎస్ఆర్3 రేసు కారులో హయబూసా ఇంజను డ్రై సంపుతోనే నడుస్తుంది. కాని దానికి అదనపు పంపులు, వాటిని తిప్పడానికి బెల్టు, ట్యాంకు, నాలుగైదు గొట్టాలు కావాలి. ప్రతి గొట్టానికీ రెండు చివరలు, ప్రతి చివరా ఒక కారే అవకాశం. కస్టమ్సు నుంచి విడిపించడానికి పట్టే కాలం సరేసరి. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టె విప్పి బిగించినంత మాత్రాన మనం నేర్చుకునేది స్పానరు సైజులే.

మూడో పార్టీలో నేనున్నాను. సంపు మన వర్క్‌షాపులోనే కోసి, మనమే అతకాలి. లోపల బాఫిల్ గోడలు పెట్టాలి. పికప్ చుట్టూ ఒక చిన్న గది కట్టి, దాని గోడలకు లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపులు పెడితే ఆయిలు లోపలికి వస్తుంది, బయటికి పోవాలంటే తలుపు మూసుకుంటుంది. మన చేపల మావులో చేప దూరినట్టు.

ఇది నోటిమాటగా చెబితే మాస్టార్లు ఒప్పుకోరు గనక ప్రయోగం చేశాం. సంపు కొలతలతో అక్రిలిక్ షీటు పెట్టె ఒకటి చేసి, ఆయిలు పోసి, వాలు బల్ల మీద పెట్టి 50 డిగ్రీలు ఒంచాం. 1.2 రెట్ల పక్కబలానికి ఆ కోణం సరిపోతుంది. కారులో ఆ పక్కబలానికి ఆయిలు మట్టం ఒరిగే కోణం అదే కదా. బాఫిల్ లేనప్పుడు పికప్ కళ్లెదుటే తేలిపోయింది. లోపలి గది కట్టాక మునిగే ఉంది. మేం చప్పట్లు కొట్టబోతుండగా ఒక లెక్చరర్ గారు, "పంపు తోడేస్తుంది గదయ్యా, ఆ మాట ఎవరు చూస్తారు?" అన్నారు. బంగారం లాంటి ప్రశ్న. పాత ఇంజను పంపును ఎలక్ట్రిక్ డ్రిల్లుకు తగిలించి, తోడిన ఆయిలు మళ్లీ పైనుంచి పడేలా చేసి, గడియారం పట్టుకుని నిలబడ్డాం. పొట్టి గోడల గది 11 సెకన్లు నిలవలేదు. గోడల ఎత్తు పెంచి, పైన మూత రేకు వేసిన గది నిలిచింది. ఈ పెట్టెలో వేడి లేదు, నురగ లేదు, క్రాంక్ షాఫ్టు గాలి లేదు. అయినా, కోసే ముందు ఏది కొయ్యాలో అది చెప్పింది.

పోటీల్లో టిల్ట్ టేబుల్ అని ఒకటుంది, కారును పక్కకు 60 డిగ్రీలు ఒంచి బోల్తా పడుతుందేమో, ఏదైనా కారుతుందేమో చూస్తారు. అది పాసైతే ఆయిలు సంగతి కూడా పాసైనట్టే అనుకునేవారున్నారు. అప్పుడు ఇంజను ఆగి ఉంటుంది మహాప్రభో! ఆయిలు బయటికి కారకపోవడం ఒక గుణం, పికప్‌కు అందడం వేరొక గుణం.

ఇక కోసే పని. వినడానికి సులువు. పోతపోసిన అల్యూమినియం సంపు ఏళ్ల తరబడి ఆయిలు తాగి ఉంటుంది. ఎంత కడిగినా రంధ్రాల్లో కొంత మిగులుతుంది, టిగ్ వెల్డింగు వేడికి అది పైకొచ్చి అతుకంతా జల్లెడ చేస్తుంది. కడగాలి, వేడి చెయ్యాలి, తుడవాలి, మళ్లీ కడగాలి. రెండోది, అతికేటప్పుడు ఫ్లాంజి వంకర పోతుంది. దళసరి ఉక్కు పలకకు అన్ని బోల్టులూ బిగించి, అలాగే అతికి, అలాగే చల్లారనిచ్చి, ఆ తరవాతే విప్పాలి. తొందరపడి విప్పినవాడికి అరటి దొప్ప మిగులుతుంది. సంపు ఎంత పొట్టి చేస్తే పికప్ గొట్టమూ అంతే పొట్టి చెయ్యాలి. దాని మూతికీ సంపు అడుక్కూ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. మరీ దగ్గరైతే పీల్చలేదు, మరీ దూరమైతే మొదటికే వచ్చాం. చాలా ఇంజన్లలో ప్రెషరు రిలీఫ్ వాల్వు కూడా సంపులోనే వేళ్లాడుతుంది, కొత్త బాఫిల్ దానికి అడ్డం రాకూడదు. అతుకులు పరీక్షించడానికి బయట సుద్ద పూసి, లోపల కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచాలి. తెల్లారి సుద్ద మీద తడి మరక ఉంటే అక్కడ చిల్లు ఉన్నట్టే. ఈ ఉపాయం మన వర్క్‌షాపు మేస్త్రీ గారు చెప్పింది, ఏ సెమిస్టరు సిలబసులోనూ నాకు కనబడలేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం కూడా ఆయనే. అల్యూమినియం మీద టిగ్ వెల్డింగు చేసే చెయ్యి మన కాలేజీలో ఒక్కటే ఉంది. ఆయన రిటైరవుతున్నారు. ఆ పోస్టు నింపే సూచనలేవీ లేవు. మిషను మాత్రం ఉంటుంది, గుడ్డ కప్పి, స్టాకు రిజిస్టరులో నంబరు వేసి. సాయంత్రం అయిదింటికి వర్క్‌షాపుకు తాళం పడుతుంది. మనకు క్లాసులు అయ్యేది నాలుగున్నరకు. ఆ అరగంటలో ఆప్రాన్ తొడుక్కుని విప్పుకోవచ్చు. రాత్రి తొమ్మిది దాకా తెరవమంటే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న ఫైలులో పడుకుంటుంది. ఫైలుకు ఏ మలుపులోనూ ఏ తోపూ తగలదు కాబోలు.

ఇంతలో కారు కమిటీ ఎస్టిమేటు తయారైంది. అందులో బాడీకి కార్బన్ ఫైబరు ఉంది, రంగులున్నాయి, స్టిక్కర్లున్నాయి, జట్టుకు టీ షర్టులున్నాయి. సంపు వరసలో "ఇతరములు" అని ఉంది. ఆయిలు ప్రెషరు గేజీ అసలు లేదు. బండికి ఉండే ఎర్రదీపం చాలన్నారు. ఆ దీపం ప్రెషరు పూర్తిగా పడిపోయాక వెలిగేది, సంతాప సందేశం వంటిది. గేజీ ఉంటే మలుపులో ముల్లు కిందికి జారడం ముందే కనబడుతుంది, డేటా లాగరుకు కలిపితే ఏ మలుపులో ఎంత పడిందో కాగితం మీద చూసుకోవచ్చు. టీ షర్టులు మానేసి గేజీ కొనమని నేను మీటింగులో అడిగాను. నవ్వారు. ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను, అచ్చులో.

"ఎలక్ట్రిక్ కార్లు వస్తుంటే ఇంకా ఆయిలు గోలేమిటి?" అనేవారూ ఉన్నారు. నిజమే, ఫార్ములా స్టూడెంట్లో ఎలక్ట్రిక్ విభాగం వచ్చింది, పెరుగుతోంది. రేపు మనమూ అందులోకి పోతాం, పోవాలి కూడా. కాని ఈ ఏడు మన షెడ్డులో ఉన్నది పెట్రోలు ఇంజను. పైగా మన దేశంలో ఇటువంటి పని చేసి చూసే చోటు వేరే లేదు. ఇంగ్లాండులో షెడ్డులో కట్టిన కారుకు పరీక్ష పెట్టి నంబరు ఇచ్చే ఏర్పాటుంది. మనకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చనివ్వదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనును గట్టిగానే నిలబెట్టింది. రోడ్డు మీది భద్రత దృష్ట్యా దాన్ని తప్పు పట్టను. కాని అందువల్ల ఒక ఇంజను సంపును కోసి, అతికి, నడిపి చూసే హక్కు మనకు కాలేజీ గోడల మధ్యా, కోయంబత్తూరు వంటిచోట పోటీ ట్రాకు మీదా తప్ప ఇంకెక్కడా లేదు. ఆ రెండింట్లో మొదటిదానికి అయిదింటికి తాళం వేస్తే ఎలా?

ప్రిన్సిపాలు గారికీ, యూనియనుకూ నేను కోరేది పెద్దదేమీ కాదు. వారానికి మూడు రోజులు తొమ్మిది దాకా వర్క్‌షాపు, బాధ్యతకు సంతకం చేసే ఒక లెక్చరర్ గారు, మేస్త్రీ గారి పక్కన నిలబడి టార్చి పట్టడం నేర్చుకోవడానికి జూనియర్లు ఇద్దరు. జూనియర్లు అని ఎందుకంటున్నానంటే ఫైనలియరు వాళ్లం మేమూ ఆయనతోపాటే వెళ్లిపోతాం. అక్రిలిక్ పెట్టె, డ్రిల్లు పంపు, డ్రాయింగులు వర్క్‌షాపు వెనక గదిలో ఉంచాం. డ్రాయింగులో డ్రెయిన్ ప్లగ్గు కొత్త సంపుకు పక్కన పెట్టాం, అడుగున కాదు. కింద పెడితే నేలకు గీసుకుపోతుంది. దాని మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే కొయ్యకముందే చెప్పండి. మేస్త్రీ గారి ఆఖరి పనిదినం జూన్ 30. ఉక్కు పలక ఇంకా తెప్పించలేదు.